ఎడారిలో జమ్మిచెట్టు

మా తెలంగాణ పల్లెల్లో అరబ్బు దేశాలన్నిటికీ కలిపి దుబాయి అనే ఒక్క పేరే వాడుకలో వున్నది. మనిషి మస్కట్టుకు వెళ్ళినా, కువైట్టుకు వెళ్ళినా, సౌదీలోని రియాదుకు వెళ్ళినా "దుబాయి పోయిండు" అనే అంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల్లో బస్సెక్కి ఎవరిని పలకరించినా అన్నో, తమ్ముడో, అల్లుడో ఆ దిక్కున వున్నాడని చెబుతారు. ఇక తార్నాక, హబ్సిగూడ వంటి చోట్ల కాపురముండే మావంటివాళ్ళకు దుబాయి అంటే సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్ళి చూపించే ఊరు. 828 మీటర్ల ఎత్తున ఆకాశంలోకి లేచిన మేడ, బంగారం బజారు, సముద్రపుటొడ్డు. ఈ రెండు రకాలవాళ్ళూ శంషాబాదులో ఒకే విమానం ఎక్కుతారు. నాలుగు గంటలసేపు పక్కపక్కనే కూర్చుంటారు. దిగిన తర్వాత మళ్ళీ ఒకరికొకరు కనబడరు.

మొన్న దసరా సెలవుల్లో మాకు మాత్రం అటువంటి ఒక మనిషి కనబడ్డాడు. అదీ ఒక చెట్టు మూలంగా. ఆ సంగతి పాఠకులతో చెప్పుకుందామనే ఈ వ్యాసం.

నిజానికి మనకూ ఆ ఇసుకనేలకూ చుట్టరికం ఈనాటిది కాదు. నిజాం నవాబుల కాలంలో అరబ్బులే ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చేవారు. యెమెను వైపు నుంచి వచ్చి సైన్యంలో చేరినవారి సంతతి ఈనాటికీ బార్కస్‌లో వున్నది. బ్యారక్సు అన్న మాటే జనం నోట నలిగి బార్కస్ అయిందంటారు. మన నగరానికి ముత్యాల నగరమని పేరు తెచ్చిన బస్రా ముత్యాలు ఆ గల్ఫు సముద్రంలో దొరికినవే. అక్కడి మనుషులు ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు దిగి ఏరితే, అవి బొంబాయి చేరి, అక్కడినుంచి మన చార్మినారు దగ్గరి దుకాణాలకు వచ్చేవి. 1930 తర్వాత జపానువారి పెంపుడు ముత్యాలు వచ్చి ఆ వ్యాపారాన్ని ముంచివేసినవి. అంతెందుకు, 1966 దాకా దుబాయిలో చెల్లింది మన రూపాయే! మన రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫు కోసం ప్రత్యేకంగా వేరే రంగులో నోట్లు అచ్చువేసి పంపింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించిన తర్వాత వాళ్ళు దానిని వదులుకున్నారు. ఆ సంవత్సరమే దుబాయిలో చమురు పడింది. 1971 డిసెంబరు 2న ఎమిరేట్ల సమాఖ్య ఏర్పడింది. అక్కడితో ప్రయాణాల దిక్కు మారిపోయింది. అరబ్బులు ఇటు రావడం పోయి, మనవాళ్ళు అటు పోవడం మొదలయింది.

మా బావమరిది అక్కడ ఇంజనీరు. ఎనిమిదేళ్ళుగా "బావా, ఒక్కసారి రండి" అని పిలుస్తూనే వున్నాడు. దసరాకు కాలేజీ మూసిన మర్నాడు మేము నలుగురం, నేనూ, మా ఆవిడా, డిగ్రీ చదివే అబ్బాయీ, ఏడో తరగతి అమ్మాయీ, బయలుదేరాము. మా ఆవిడ తన తమ్ముడి కోసం మామిడికాయ తొక్కు, సకినాలు, సర్వపిండి కట్టింది. విమానాశ్రయంలో ఆ మూటను తూచినవాడు మా ముఖాలవంక ఒకసారి చూసి ఊరుకున్నాడు.

మొదటి నాలుగు రోజులూ సముద్రమే. మా బావమరిది ఇల్లు జుమైరా తీరానికి దగ్గర. అక్కడి సముద్రం మన విశాఖపట్నం సముద్రం వంటిది కాదు. విశాఖలో అల వచ్చి పడుతుంటే గుండె ఝల్లుమంటుంది. ఇక్కడి నీరు పెద్ద చెరువులో నీరులాగా పచ్చగా, నిదానంగా, గోరువెచ్చగా వుంటుంది. పిల్లలు పొద్దున్నే వెళ్ళి పదింటికి ఎర్రబడిన ముఖాలతో వచ్చేవారు. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. మా ఆవిడ మొదటి రోజు మోకాలిలోతు దాకా దిగింది. రెండోరోజు పాదాలు తడుపుకుంది. మూడోరోజు గొడుగు కింద కూర్చుని, "ఈ నీళ్ళు ఎంతసేపని చూస్తాం? ఇంత దూరం వచ్చి ఎడారి చూడకుండా పోతే కాలనీలో అడిగినవాళ్ళకు ఏం చెప్పను?" అన్నది.

దుబాయిలో ఎడారి చూపించడం పెద్ద వ్యాపారం. మధ్యాహ్నం మూడింటికి బండి ఇంటిముందుకు వస్తుంది. ఇసుకదిబ్బల మీద అరగంటో గంటో ఎగిరెగిరి తిప్పుతారు. సూర్యాస్తమయం చూపిస్తారు. గుడారాల దగ్గర భోజనం పెట్టి, ఆటపాటలు చూపించి, రాత్రి తొమ్మిదింటికి దింపుతారు. ఇందులో రెండు పద్ధతులున్నవి. ఒకటి, ఎవరెవరో ఆరుగురు కలిసి ఒక కారులో పోవడం. ఇది చవక. రెండవది, కారునంతా మనమే మాట్లాడుకోవడం. ఇది ఖరీదు. మా బావమరిది రెండవదే మంచిదన్నాడు. "పంచుకునే బండిలో డ్రైవరు చెప్పినట్టు మనం వినాలి బావా. సొంతబండి అయితే మనం చెప్పినట్టు ఆయన వింటాడు. అక్కకు కళ్ళు తిరిగితే ఆపమనవచ్చు" అన్నాడు. బేరమాడగా ఏడువందల దిర్హాములకు కుదిరింది. దిర్హాము అప్పుడు మన రూపాయల్లో ఇరవైమూడు, ఇరవైనాలుగు వుండేది. మొత్తం లెక్క కట్టి మా ఆవిడకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆమె కట్టుకోగలదు.

మర్నాడు దసరా అనగా మేము బయలుదేరాము. వచ్చింది పెద్ద లాండ్‌క్రూయిజరు. లోపల కప్పు కింద ఇనుప కమ్మీలు బిగించి వున్నవి. బండి తలకిందులైనా లోపలి మనుషులు నలగకుండా ఆ ఏర్పాటట. ఆ సంగతి డ్రైవరు చాలా ప్రశాంతంగా చెప్పాడు. ఆయన పెషావరు వైపు పఠాను, ఆరడుగుల మనిషి. నా హైదరాబాదీ ఉర్దూ విని రెండు నిమిషాలు మర్యాదగా ఓర్చుకున్నాడు. "నక్కో" అన్నమాట వినగానే మాత్రం స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. ఆ తర్వాత మా మధ్య పరాయితనం లేదు.

హత్తా వెళ్ళే రోడ్డు మీద ఊరు దాటి ముప్పావుగంట ప్రయాణం చేస్తే లహబాబు అనే చోటు వస్తుంది. అక్కడి ఇసుక ఎర్రగా వుంటుంది. ఇసుకరేణువుల మీద ఇనుము తుప్పుపొర పట్టడమే అందుకు కారణం. మన భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు చూసినవారికి ఆ రంగు పరిచయమే. కాని మన దిబ్బలు వేల సంవత్సరాలుగా గట్టిపడి, వానకు కోసుకుపోయి, వాగులుగా చీలి నిలిచినవి. 2014లో వాటిని కాపాడవలసిన భూవారసత్వ స్థలంగా గుర్తించారు. వాటిమీద కారు తోలడం తలచుకుంటేనే పాపం. లహబాబు ఇసుక అటువంటిది కాదు. అది ఈరోజు ఒకచోట, రేపొకచోట. మన చక్రాల గుర్తులను రాత్రి గాలి తుడిచివేస్తుంది.

రోడ్డు వదలడానికి ముందు డ్రైవరు దిగి నాలుగు టైర్లలోనూ గాలి తీసేశాడు. ముప్పైఅయిదు పౌన్లు వుండవలసినది పదిహేను పౌన్లకు తెచ్చాడు. మా అబ్బాయి అడిగితే చక్కగా వివరించాడు. గాలి తక్కువైతే టైరు చదునై ఇసుకను ఎక్కువ మేర అదుముకుంటుంది. బరువు నలుదిక్కులా పరచుకుని బండి దిగబడదు. "ఒంటె పాదం చూశారా? నేలకు ఆనగానే రొట్టెలాగా వెడల్పవుతుంది. మేమూ ఒంటెనే చూసి నేర్చుకున్నాము" అన్నాడు. ఒక్క బండిగా ఎడారిలోకి పోకూడదట. తెలిసిన మరో బండి వచ్చేదాకా ఆగి, రెండూ ఒకదాని వెనుక ఒకటిగా లోపలికి దిగినవి.

ఇసుకదిబ్బకు రెండు ముఖాలుంటవి. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా వుంటుంది. గాలి దాటిపోయే వైపు ఇసుక జారిపడి నిటారుగా వుంటుంది. ఆ నిటారు వాలు ఎంత పెద్ద దిబ్బకైనా ముప్పైనాలుగు డిగ్రీలకు మించదు. అంతకు మించితే ఇసుక తనంతట తానే జారిపోతుంది. మెల్లని వాలు వెంట వేగంగా ఎక్కి, శిఖరం దగ్గర ఒక్క క్షణం నిలిచి, నిటారు వాలున ముక్కు నేలకు పెట్టి దిగడమే ఈ విద్య అంతా. వేగం తక్కువైతే బండి పొట్ట శిఖరానికి ఆనుకుని తూగుటుయ్యాల అవుతుంది. ఎక్కువైతే గాలిలోకి లేస్తుంది. పక్కవాటుగా దిగితే దొర్లుతుంది. తిన్నగా దిగడమొక్కటే మార్గం.

ఇదంతా చెప్పినప్పుడు శాస్త్రం. మొదటి దిబ్బ శిఖరం మీద బండి నిలిచి, ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనబడనప్పుడు అది శాస్త్రం కాదు. మా ఆవిడ ఆంజనేయదండకం అందుకున్నది. బండి ముక్కు వాలింది. ఎర్రటి ఇసుక గోడ ఒకటి మా మీదికి వచ్చినట్లయింది. కడుపులోనిది గొంతుకలోకి వచ్చింది. అద్దాలమీద ఇసుక జల్లుజల్లున పడింది. అడుగుకు చేరగానే మా అమ్మాయి, "మళ్ళీ!" అని అరిచింది. డ్రైవరు సంతోషంతో మళ్ళీ ఎక్కించాడు. పది దిబ్బలయ్యేసరికి మా ఆవిడ దండకం ఆపి, "అన్నా, ఆ పెద్దదాని మీదికి పోనీయండి" అని తెలుగులోనే చెప్పసాగింది. ఆయన అర్థమైనట్లే పోనిచ్చాడు. కళ్ళు తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపమన్నది నేనే.

బండి ఆగినచోట దిగి చూస్తే నిశ్శబ్దం. మా క్యాంపసులో ఆర్ట్స్ కాలేజీ ముందు తెల్లవారుజామున నడిచేటప్పుడు నిశ్శబ్దం అనుకునేది నిశ్శబ్దం కాదని అక్కడ తెలిసింది. అక్కడ కాకైనా అరుస్తుంది, తార్నాక చౌరస్తా నుంచి బస్సు హారనైనా వినబడుతుంది. ఇక్కడ గాలికి ఇసుక జారే సన్నని సవ్వడి తప్ప ఏమీ లేదు. దక్షిణంగా పోతే ఈ ఇసుకే సాగి సాగి ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల రుబ్ అల్ ఖాలీలో కలుస్తుంది. ఆ మాటకు శూన్య భాగమని అర్థం. 1940ల చివర విల్‌ఫ్రెడ్ థెసిగర్ అనే ఆంగ్లేయుడు బెదూయీనులను తోడు తీసుకుని, ఒంటెలమీద, తోలుసంచుల్లో నీళ్ళు మోసుకుంటూ దానిని రెండుసార్లు దాటాడు. మాకు గంటసేపు దాటితేనే నిమ్మకాయ కావలసివచ్చింది.

నేను తల తిప్పుకున్నవైపు దూరంగా లోయవంటి పల్లంలో ఒక చెట్టు కనిపించింది. చుట్టూ మైలుదూరం గడ్డిపరక లేదు. చెట్టు మాత్రం పచ్చగా, గొడుగులా వున్నది. అటు పోనిమ్మన్నాను. పంచుకునే బండి అయితే ఈ మాట అనే వీలే వుండేది కాదు. దగ్గరకు పోయి చూశాను. బెరడు బూడిదరంగున బీటలు వారి వున్నది. కొమ్మలకు పొట్టి ముళ్ళు. సన్నసన్నని ఆకులు జంటలుగా. నేను నిలబడిపోయాను.

"ఏమండీ, ఇది జమ్మిచెట్టు కదూ?" అన్నది వెనుకనుంచి మా ఆవిడ.

జమ్మే. సర్కారుతుమ్మను చూసి జమ్మి అనుకునేవాళ్ళుంటారు కాని, దసరా దసరాకూ నలభై ఏళ్ళుగా చేతిలో పెట్టుకున్న ఆకును మరచిపోవడం ఎలాగు? అరబ్బులు దీనిని గాఫ్ అంటారు. ఎమిరేట్లకు ఇది జాతీయవృక్షం. 2019ని ఆ దేశం సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు చిహ్నంగా పెట్టుకున్నది ఈ చెట్టునే. మన తెలంగాణకు 2014లో రాష్ట్రవృక్షంగా ఎంచుకున్నదీ ఇదే. రాజస్థానులో ఖేజ్డీ అంటారు. 1730లో జోధ్‌పూరు రాజుగారి మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, ఖేజర్లీ గ్రామంలో బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకుని 363 మంది ప్రాణాలిచ్చారు. వేళ్ళు ముప్పై మీటర్ల లోతుదాకా పోయి నీటిని వెతుక్కుంటవి. ఆకు ఒంటెకూ మేకకూ మేత, నీడ మనిషికి. ఎడారిలో ఇంతకన్న కావలసినదేమున్నది?

మేము తెలుగులో మాట్లాడుకుంటూండగా చెట్టు అవతలినుంచి ఒక మనిషి లేచి వచ్చాడు. తలకు రుమాలు చుట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుంటవి. ఎండకు ముఖం నల్లబడి, కళ్ళచుట్టూ తెల్లని ముడతలు పడి వున్నవి.

"తెలుగోళ్ళా సార్?"

ఆ మాట వినగానే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"అవును తమ్మీ. హైదరాబాదు. నీది ఏ ఊరు?"

"జగిత్యాల దిక్కు సార్. ఈడ ఒంటెల కాడుంట."

అతడు చూపించినవైపు ఇనుపకంచె, రేకుల కొట్టం, నీళ్ళతొట్టి, వాటిచుట్టూ ఒంటెలు. నలభైకి పైగా వుంటవట. చూసుకునేవాళ్ళు ఇద్దరు, ఇతడూ, ఒక సూడాను ఆయనా. పొద్దున నాలుగింటికి లేచి మేత వెయ్యాలి, పాలు పిండాలి, తొట్టి నింపాలి. సాయంత్రం విడిచి తిప్పుకురావాలి. జీతం నెలకు వెయ్యి దిర్హాములు. ఆ మాట అన్నప్పుడు మా ఆవిడ వేళ్ళమీద ఏదో లెక్క వేసింది. వేసి, ఆ చేతిని కొంగుకింద పెట్టుకుంది.

"ఎన్నేండ్లయింది వచ్చి?"

"నాలుగేండ్లు సార్."

"మధ్యల ఇంటికి పోలేదా?"

"పోలే. ఏజెంటు బాకి తీర్చిన. చెల్లె పెండ్లి చేసిన. గిప్పుడు పెండ్లి బాకి నడుస్తున్నది."

"మరి ఎప్పుడు పోతవు?"

"బాకి తెగినంక."

ఈ మాట అతడు దుఃఖంగా అనలేదు. మనం బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

అంతలో మా అమ్మాయి, "నాన్నా, పాలపిట్ట!" అని కేకవేసింది. కంచె మీది తీగపైన నిజంగా పాలపిట్టే. ఎగిరినప్పుడు రెక్కల నీలం ఆ ఎర్రని ఇసుకమీద మెరిసింది. దసరానాడు పాలపిట్ట కనబడాలని మేము ప్రతి సంవత్సరమూ సాయంకాలం క్యాంపసు చెట్లవెంట మెడలు సారించి తిరుగుతాము. ఏ మూడేళ్ళకొకసారో కనబడుతుంది. ఇక్కడ పిలవకుండానే వచ్చి తీగమీద కూర్చున్నది.

"అది దినాం వస్తది పాపా," అన్నాడతడు నవ్వి. "ఎదురుంగ జమ్మి, పైన పాలపిట్ట. మాకు ఈడ రోజూ దసరానే."

నేను ఇరవై సంవత్సరాలుగా క్లాసులో విరాటపర్వం చెబుతున్నాను. తిక్కనగారు భారతరచనకు ఆ పర్వంతోనే శ్రీకారం చుట్టారని మొదటిరోజే పిల్లలకు చెబుతాను. అజ్ఞాతవాసానికి పోయే పాండవులు విరాటనగరం పొలిమేరలో శ్మశానం పక్కనున్న జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచిపెట్టి, చూసినవాళ్ళు దగ్గరకు రాకుండా దానిని శవమని చెప్పుకున్నారు. ఆ తర్వాత ఒకడు వంటవాడయ్యాడు, ఒకడు గుర్రాల సాలలో చేరాడు, సహదేవుడు పసులకాపరి అయ్యాడు. రాజసూయం చేసిన ఇంటి బిడ్డలు పరాయిరాజు పసులశాలలో పేరు మార్చుకుని బతికారు. కాని వాళ్ళ గడువు ఒక్క సంవత్సరం. ఆ రోజు తీరగానే అర్జునుడు ఉత్తరకుమారుణ్ణి చెట్టెక్కించి తన గాండీవం తాను దింపుకున్నాడు. మా జగిత్యాల తమ్ముడి పాసుపోర్టు యజమాని ఇంట్లో వున్నదట. అక్కడి చట్టం ప్రకారం పనివాడి కాగితాలు పనివాడి దగ్గరే వుండాలి. ఆ సంగతి చెప్పాను. "తెలుసు సార్. ఈడ ఇసుకల పెట్టుకుంటె పోతదని ఆయననే దాస్తనన్నడు. మంచోడే" అన్నాడు. మంచివాడే కావచ్చు. అయినా చెట్టుమీది ఆయుధం ఎవరు దింపాలన్నది మిగిలే వున్నది.

మా ఆవిడ చేతిసంచిలో పిల్లలకని తెచ్చిన సకినాలు వున్నవి. పొట్లం పొట్లమే అతని చేతిలో పెట్టింది. అతడు ఒకటి విరిచి నోట్లో వేసుకుని చాలాసేపు నమలకుండా వుంచుకున్నాడు. తర్వాత పొట్లం మడిచి, సూడాను ఆయనకు చూపిస్తానని రుమాలులో కట్టుకున్నాడు.

రేపు పండుగ కదా, ఒక చిన్న కొమ్మ తీసుకుందామని మా అబ్బాయి చెయ్యి చాపాడు. అతడు వారించాడు. "వద్దు బాబూ, ఈడ దీన్ని విరవరాదు, నరకరాదు. కేసయితది." చెట్టుకింద ఒంటెలు లాగగా రాలిన ఆకు ఇంత ఇసుకలోనుంచి ఏరి, ఊది, అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. ఎదురుగా నిలబడి, మన ఊళ్ళో పెట్టినట్టే, "బంగారం సార్" అంటూ నా చేతిలో పెట్టి కాళ్ళకు వంగాడు. అతణ్ణి లేవదీసి అలాయ్ బలాయ్ ఇచ్చాను. దుబాయి బంగారం బజారులో మేము కొన్నది ఏమీ లేదు. మాకు దొరికిన దుబాయి బంగారం అది.

చీకటి పడుతూంటే డ్రైవరు తొందరచేశాడు. బయలుదేరేముందు అతడు నన్ను పక్కకు పిలిచి ఒక ఫోను నంబరు ఇచ్చాడు. "అమ్మతోని రోజూ మాట్లాడుత సార్. అయినా చూసినోళ్ళు చెప్తే ఆమెకు నమ్మకం. ఒక్కసారి ఫోన్ చేసి, చూసిన, మంచిగున్నడు అని చెప్పుండ్రి. ఒంటెల కాడున్నడని మాత్రం చెప్పకుండ్రి. తోటపని అని చెప్పిన ఇంట్ల." నేను తల ఊపాను.

ఆ తర్వాత మమ్మల్ని గుడారాల దగ్గరకు తీసుకుపోయారు. తివాచీలు పరిచి, దీపాలు పెట్టి, కాల్చిన రొట్టెలూ, ఖర్జూరాలూ, శాకాహారులకు పప్పూ అన్నమూ పెట్టారు. ఒకాయన రంగురంగుల దీపాల గాగ్రా కట్టుకుని గిరగిర తిరిగాడు. మాకు ముందువరసలో చోటు దొరికింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. కొట్టి కొట్టి, "అమ్మా, ఆ అన్న ఇప్పుడు ఏం తింటూ వుంటాడు?" అన్నది. మా ఆవిడ జవాబు చెప్పలేదు.

వెళ్ళదలచిన పాఠకులకు రెండు మాటలు. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ హాయిగా వుంటుంది. అంతకు ముందు వెళితే ఎండ బాధ తప్పదు. నడుమునొప్పి వున్నవారూ, గర్భిణులూ దిబ్బలమీద ఎగిరే బండి ఎక్కకూడదు. వాళ్ళను నెమ్మదిగా బాటవెంట తీసుకుపోయే ఏర్పాటూ వుంటుంది. భోజనం చేసి వెంటనే ఎక్కకండి. స్తోమత వుంటే కారును సొంతంగానే మాట్లాడుకోండి. విలాసానికి కాదు, ఆపమన్నచోట ఆపించుకోవడానికి. దిబ్బలమీద ఎగరడం వద్దనుకునేవారికి, 2003లో ఏర్పరచిన 225 చదరపు కిలోమీటర్ల రక్షిత ఎడారి వున్నది. అరబ్బు జింక, ఓరిక్సు, 1972 నాటికి అడవుల్లో ఒక్కటి మిగలకుండా పోతే, బోనుల్లో పెంచి మళ్ళీ వదిలారు. ఆ తెల్లని జింకలను అక్కడ చూడవచ్చు.

పనికోసం వెళ్ళేవారికీ ఒక మాట. ఈ పత్రిక మీ పనిమనిషి ఇంటిదాకా, మీ వాచ్‌మన్ చేతిదాకా కూడా పోతుంది కనుక చెబుతున్నాను. పదోతరగతి గట్టెక్కనివారి పాసుపోర్టు మీద వలస అనుమతి కావాలని రాసి వుంటుంది. ఆ అనుమతి లేకుండా, సందర్శకుల వీసా మీద పనికి పంపుతానన్న ఏజెంటును నమ్మవద్దు. అనుమతితో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా వుంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినప్పుడు ఇంటికి పది లక్షలు వస్తవి. కాగితాలు లేక చిక్కుపడినవారికి ఆ దేశం అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2018లోనూ, మళ్ళీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకానూ ఇచ్చారు. అటువంటి రోజులను కనిపెట్టుకుని వుండాలి.

తార్నాక చేరిన మూడోరోజు, ఆదివారంనాడు, ఆ నంబరుకు ఫోను చేశాను. ఒక ముసలి గొంతు పలికింది. హైదరాబాదు నుంచి సారునని, మొన్న దుబాయిలో వాళ్ళ అబ్బాయిని చూశానని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "మంచిగున్నడా సార్? బక్కగయిండా?" అన్నది. మంచిగానే వున్నాడన్నాను. మా ఆవిడ పెట్టిన సకినాలు తిన్నాడని చెప్పాను. ఆ మాటకు ఆమె నవ్వింది. తర్వాత అడిగింది:

"పని కష్టమైందా సార్? తోటల చెట్లు మంచిగున్నయా?"

"ఒక జమ్మిచెట్టు వున్నదమ్మా. పెద్దది. దాని నీడన కూర్చుంటాడు" అన్నాను.

"ఆడ గూడ జమ్మి ఉన్నదా!" అన్నది ఆమె. ఆ తర్వాత ఇంట్లో ఎవరినో పిలిచి, ఆ సంగతి గట్టిగా చెప్పడం నాకు వినిపించింది.